కంటిబిళ్ళ

పరిశోధనశాలలో చుట్ట కాల్చడం నేరం. చుట్టని తిరగేసి, నిప్పున్న కొస లోపలికి పెట్టి కాల్చడం ఇంకా పెద్ద నేరం అయి ఉండాలి గానీ, అలాంటిదొకటి ఉంటుందని నిబంధనలు రాసిన మహానుభావులకి తట్టలేదు. ఆ ఆదివారం పొద్దున డాక్టర్ గరికిన పైడికుమారి తలుపు గడియ వేసుకుని సరిగ్గా ఆ పనే చేస్తోంది. నోట్లో కాదు, గాజుపెట్టెలో.

పెట్టె అడుగున పళ్ళెం. పళ్ళెంలో మనిషి అంగిలి నుంచి తీసి పెంచిన కణాలు, ఉమ్మి లాంటి పలచటి నీళ్ళలో తడుస్తున్నాయి. పక్కన చిన్న రబ్బరు తిత్తి ఒకటి ఊపిరి పీల్చినట్టు పీలుస్తుంటే చుట్ట కొస ఎర్రబడుతోంది, ఆరుతోంది, మళ్ళీ ఎర్రబడుతోంది. ఆ వేడి నేరుగా కణాల మీద పడుతోంది. ఈ సరంజామాకి ఆమె పెట్టుకున్న పేరు ‘ఉత్తుత్తి నోరు’. రెండు రాత్రులు మేలుకుని, స్క్రూలు తనే బిగించుకుని చేసింది.

ఎంత బిగించినా ఒక మూల నుంచి పొగ కాస్త బయటికి వచ్చింది. అంతే, నలభై ఆరేళ్ళ శాస్త్రవేత్త కాస్తా ఎనిమిదేళ్ళ పిల్ల అయిపోయింది. చేపల గంప అమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరిన అమ్మ, నులకమంచం మీద నడుం వాల్చి దగ్గరికి లాక్కుంటే వచ్చే వాసన అది. పొగాకూ, ఉప్పూ, చెమటా కలిసిన వాసన. అది పీలుస్తూ నిద్రపోయిన పిల్లే, విశాఖపట్నంలో కాలేజీకొచ్చాక ఆ వాసన తన బట్టలకి ఉందేమోనని రోజుకి రెండుసార్లు స్నానం చేసింది.

ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డున ఆడవాళ్ళు నిప్పు కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. తల మీద గంపా, చంకలో పిల్లా ఉన్నవాళ్ళకి గాలికి ఆరని నిప్పు, బూడిద రాలని చుట్ట అదొక్కటే. కొత్తగా చూసినవాళ్ళు నోరెళ్ళబెడతారు. అలవాటైనవాళ్ళు నోరు మూసుకుని హాయిగా కాలుస్తారు. పైడికుమారి తల్లి నూకరత్నం యాభై ఏళ్ళుగా కాలుస్తోంది. కూతురి క్వార్టర్స్‌కి వచ్చాక డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనకాల కాలుస్తోంది. కూతురికి తెలియదని తల్లి నటన, తెలిసినా తెలియనట్టు కూతురి నటన. ఇద్దరూ దొందూ దొందే.

ఈ చుట్టకీ, ఆ కణాలకీ, ఆదివారం పొద్దున తలుపు గడియకీ ఉన్న సంబంధం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పైడి పనిచేసే సాగర పోషకాల కేంద్రంలో ఆరేళ్ళ కిందట ఒక కొత్త విటమిన్ బయటపడింది. సముద్రపు రాళ్ళకి పట్టే ఎర్రనాచు నుంచి తీశారు కాబట్టి, రెడ్‌లోని ఆర్ తీసుకుని ‘ఆర్ విటమిన్’ అన్నారు. అది ఒంట్లోకి వెళ్ళి, ముసలిదైపోయి పడుకున్న కణాన్ని లేపి, ‘మళ్ళీ పెరుగు’ అంటుంది. కంటి వెనక తెర మీద చూపు కణాలు ఆ మాట బాగా వింటాయి. గుడ్డి ఎలుకలు చూశాయి, గుడ్డి కుందేళ్ళు చూశాయి. కేంద్రం డైరెక్టర్ శశిభూషణ్ గారు సంబరం పట్టలేక ఆఫీసంతా మైసూరుపాకు పంచారు. “ఇది మందు కాదండీ, విటమిన్. మందుకైతే భయపడాలి. విటమిన్ ఎక్కువైతే ఏమవుతుంది, మూత్రంలో పోతుంది,” అని నవ్వారు. అందరికీ అదే ధీమా. పైడికి కూడా.

పైడికి ధీమాతో పాటు ఆశ కూడా ఉంది. మనుషులకి బిళ్ళ ఇచ్చే వేళకి నూకరత్నానికి చూపు మందగించి ఆరేళ్ళయింది. ముందు మనుషుల మొహాలు పోయాయి, తరవాత దారులు పోయాయి. కూతురు ఎదురుగా నిలబడితే ఆవిడ చెయ్యి చాపి గడ్డం తడిమి, “వొచ్చీసినావా,” అనేది. అమ్మ తన వైపు కాకుండా తన చెవి పక్క గోడ వైపు చూస్తూ మాట్లాడుతుంటే, నన్నొక్కసారి చూడమ్మా అని పైడికి అరవాలనిపించేది. ఎంత చదివినా, ఎంత ఎదిగినా, అమ్మ చూడకపోతే మనిషికి ఏదో వెలితి. పైడి ఆ వెలితిని ఎవరికీ చెప్పుకోలేదు.

మనుషుల మీద పరీక్షకి పైడి సొంతూరు నీలాటిపాలేన్నే ఎంచారు. చూపు తగ్గిన ఆడవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. బడి ఆవరణలో బల్ల వేసి, శశిభూషణ్ గారు స్వయంగా కూర్చుని ఫారాలు నింపారు. వెనక ఢిల్లీ నుంచి వచ్చిన అధికారులు ఇద్దరు. వరసలో మొదటి మనిషి నూకరత్నం.

“పొగ అలవాటు ఉందామ్మా?” అని అడిగారాయన. ఉన్నవాళ్ళకి బిళ్ళ ఇవ్వకూడదని నియమం. కారణం తెలిసి పెట్టిన నియమం కాదు, ముందుజాగ్రత్త.

నూకరత్నం చెయ్యి అప్పుడే బొడ్డుసంచిలో చుట్టముక్క కోసం తడుముతోంది. ఢిల్లీ వాళ్ళు చూస్తున్నారు. అమ్మ నోరు తెరిచేలోగా పైడి, “లేదండీ,” అంది.

సిగ్గుతో అంది. బిళ్ళ దొరకదేమోనన్న భయంతో కూడా అంది. రెండిట్లో ఏది ఎక్కువో ఆమె ఆ తరవాత ఎన్నిసార్లు తనని తాను అడిగినా తేలలేదు. నూకరత్నం కూతురి గొంతు వచ్చిన వైపు తల తిప్పి, బొడ్డుసంచి ముడి వేసుకుని, “నేదు బాబూ,” అంది.

వెనక వరసలో ఉన్నవాళ్ళు అంతా విన్నారు. పాలెంలో పుట్టి డాక్టరై వచ్చిన ఆడకూతురు, పదిమంది పెద్దల ముందు లేదని చెప్పింది. ఆ పిల్ల మాట పోనిస్తారా? అక్కణ్ణించి ఒకరి తరవాత ఒకరు, రెండు వందల పదకొండు మందీ, “నేదు బాబూ,” “నేదు బాబూ,” అన్నారు. ఒకావిడైతే నోట్లో నిప్పుండగానే పెదాలు కదపకుండా తల అడ్డంగా ఊపింది. శశిభూషణ్ గారు ఆమె క్రమశిక్షణని మెచ్చుకున్నారు.

బిళ్ళ మొదలుపెట్టిన ఇరవై మూడో రోజు సాయంత్రం పైడి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, నూకరత్నం వంటింటి గుమ్మంలో నిలబడి అలాగే ఉండిపోయింది. చేతిలో గరిటె.

“ఒలే పైడీ. నీకు జుత్తు నెరిసిపోనాదేటే?”

పైడి చెయ్యి జుట్టు మీదికి వెళ్ళింది.

“ఎప్పుడు నెరిసినాదే? నాకు సెప్పనేదేటి?”

“జుట్టు నెరిసిందని ఎవరైనా చెప్పుకుంటారా అమ్మా,” అని నవ్వబోయి, చెప్పులు విప్పిన చోటే కూలబడి పైడి భోరుమని ఏడ్చేసింది. తల్లి దగ్గరికొచ్చి కూతురి మొహం రెండు చేతులతో పట్టుకుని, తడమలేదు, చూసింది. కుడికంటి కింద మచ్చ దగ్గర మొదలుపెట్టి గడ్డం దాకా, తప్పిపోయిన సామాను సరిచూసుకుంటున్నట్టు చూసింది. పాలెంలో ఆ నెలంతా ఇదే తంతు. ముసలమ్మలు వీధుల్లో ఒకరినొకరు పట్టుకుని, “ముసిల్దానివైపోనావే,” అని తిట్టుకుంటూ నవ్వుకున్నారు. దానికి కంటిబిళ్ళ అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు.

రెండేళ్ళు అలా గడిచాయి. పైడి జీవితంలో అంత సుఖమైన కాలం ఇంకోటి లేదు.

ఒకరోజు నూకరత్నం పులుసు కంచం పక్కకి తోసేసి, “అంగుడు మండతన్నాదే,” అంది. పైడి టార్చి వేసి చూసింది. అంగిట్లో కందిగింజంత తెల్లమచ్చ. ఆస్పత్రిలో చిన్న ముక్క తీసి పరీక్ష చేసిన డాక్టరు, “ఇంకా కేన్సర్ కాలేదండీ. గుమ్మంలో నిలబడింది,” అన్నాడు. అడ్డపొగ తాగేవాళ్ళకి మచ్చలు వస్తాయని పైడికి తెలుసు. కానీ యాభై ఏళ్ళ పొగకి రాని మచ్చ ఈ రెండేళ్ళలో ఇంత వేగంగా ఎందుకొచ్చింది? ఆ ప్రశ్న వేసుకున్న క్షణంలోనే ఆమెకి జవాబు సగం తెలిసిపోయింది. మిగతా సగం కోసమే ఈ ఆదివారం, ఈ గాజుపెట్టె.

ఒక పళ్ళేనికి విటమిన్ మాత్రమే ఇచ్చింది. ఒకదానికి పొగా వేడీ మాత్రమే. ఇంకోదానికి రెండూ. జన్యువుల్ని అక్షరం అక్షరం చదివే యంత్రంలో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. మొదటి పళ్ళెం శుభ్రం. రెండోదాంట్లో అక్కడక్కడా దెబ్బలు, చుట్టన్నాక ఉండేవే. మూడోదాని ఫలితం తెర మీదికి వచ్చాక ఆమె దాన్ని కిందిదాకా చదవలేకపోయింది. జన్యువులు చిరిగిన చేపలవలలా ఉన్నాయి.

ఆర్ విటమిన్ ఉమ్మిలోకి కూడా వస్తుంది. నోట్లో నిప్పుంటే ఆ వేడికి రెండుగా విరుగుతుంది. విరిగిన ముక్క పోయి జన్యువుని కోస్తుంది. అంతటితో ఆగితే ఆ కణం చచ్చి ఊరుకునేది. కానీ విరగని విటమిన్ ఒంట్లో ఇంకా బోలెడుంది. దానికి తెలిసిన పని ఒక్కటే. ఆ కోసుకుపోయిన కణాన్నే లేపి, మళ్ళీ పెరుగు, మళ్ళీ పెరుగు అంటుంది.

కాలే చుట్టని మామూలుగా, నిప్పు బయట ఉంచి పరీక్షిస్తే ఇంత హాని కనబడలేదు. ప్రపంచంలో ఏ పరిశోధనశాలా అడ్డపొగ పెట్టి చూసి ఉండదు. చూడాలని తట్టవలసిన మనిషి ఒక్కతే. ఆ మనిషే బల్ల దగ్గర నిలబడి లేదని చెప్పింది.

సోమవారం పొద్దున్నే కాగితాలు శశిభూషణ్ గారి బల్ల మీద పెట్టింది. ఇంకో పన్నెండు రోజుల్లో కోస్తా అంతటా కంటిబిళ్ళ పంచడానికి ఉత్తర్వు రాబోతోంది. ఆయన కాగితాలు రెండుసార్లు చదివి, మంచినీళ్ళు తాగారు.

“కుమారి గారూ, ఇది జరిగితే పొగ తాగేవాళ్ళకే కదండీ. మన పట్టికలో అలాంటివాళ్ళు సున్నా.”

“ఆ సున్నా నేను వేయించిందేనండీ.”

ఆయన కాగితాల్లోంచి తలెత్తారు.

“మా అమ్మ అడ్డపొగ తాగుతుంది. పాలెంలో ముప్పాతిక మంది తాగుతారు. ఆ రోజు మొదట లేదన్నది నేనే. నన్ను చూసి అందరూ అదే అన్నారు.”

“ఎందుకండీ అలా?” కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగారు.

“సిగ్గేసిందండీ. మా అమ్మ నోట్లో నిప్పు పెట్టుకుంటుందని మీ అందరి ముందూ చెప్పడానికి సిగ్గేసింది. చెబితే బిళ్ళ ఇవ్వరని భయం కూడా. అమ్మ నన్ను చూడాలని నా ఆశ.”

శశిభూషణ్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కిటికీ అవతల సముద్రం మీద ఎండ. అటు చూస్తూ అన్నారు: “నేనేం తక్కువ తినలేదు లెండి. రెండు వందల పన్నెండు మంది పాలెం ఆడవాళ్ళలో ఒక్కరికీ పొగ అలవాటు లేదంటే, బుద్ధున్నవాడికి అనుమానం రావాలి. నాకు రాలేదు. రానివ్వలేదు.” ఫోను తీసి ఉత్తర్వు ఆపమని ఢిల్లీకి చెప్పారు. అవతలివాళ్ళు ఏమన్నారో గానీ ఆయన చెవి ఎర్రబడింది. ఫోను పెట్టేసి, “మీ మీద విచారణ తప్పదు. నా మీద కూడా. ఈలోగా ఆ పాలెం మీరే తిరగాలి. మేం వెళ్ళి అడిగితే మళ్ళీ లేదనే అంటారు,” అన్నారు.

ఆ సాయంత్రం పైడి మొదటిసారి డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళింది. తల్లి ఉలిక్కిపడి చుట్ట ఆర్పబోయింది. పైడి పక్కన కూర్చుని అంతా చెప్పింది, ఆ రోజు బల్ల దగ్గర తనెందుకు అలా అందో అది కూడా. నూకరత్నం ఓపిగ్గా విని అసలు సంగతికి వచ్చింది.

“అయితే ఇప్పుడు సుట్ట మానీమంటావా, బిళ్ళ మానీమంటావా?”

“రెండూ అమ్మా.”

“బిళ్ళ మానీస్తే?”

“నలభై రోజుల్లో చూపు మళ్ళీ పాత లెక్కకే వచ్చేస్తుంది.”

“సుట్ట మానీసి, బిళ్ళ ఏసుకుంటే?”

“కొత్త దెబ్బలు తగలవు. కానీ నీ అంగిట్లో ఇప్పటికే చెడినవి ఉన్నాయి కదా. బిళ్ళ వాటినే పెంచుతుంది. మానేస్తే ఆ మచ్చ ఉన్నచోటే ఆగుతుంది, కోసి తీసేస్తారు. మానకపోతే అది పెరుగుతుంది. పెరిగితే దవడే తీసెయ్యాలన్నాడు డాక్టరు. అప్పటికీ బతుకుతావో లేదో చెప్పలేనన్నాడు.”

నూకరత్నం చేతిలో చుట్ట వైపు చూసింది. కూతురి వైపు చూసింది. బొడ్డుసంచి విప్పి, పొగాకూ చుట్టముక్కలూ అన్నీ కిందికి దులిపేసి, “సరే,” అంది. యాభై ఏళ్ళ అలవాటు ఒక్క మాటతో పోయింది. బిళ్ళల పెట్టె అలమరలో ఉందని తనే చెప్పింది. పైడి దాన్ని తీసి తన సంచిలో వేసుకుంది.

మర్నాడు పాలేనికి బయలుదేరుతుంటే తల్లి చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. “నువ్వడిగితే నీకు సెప్పరే. నానొస్తాను.”

నూకరత్నం అడిగే పద్ధతి చూసి పైడి తెల్లబోయింది. ఆవిడ ఫారం చూడదు, ప్రశ్న వెయ్యదు. గుమ్మంలో కూలబడి, మోకాళ్ళు పట్టుకుని, “ఒక సుట్టముక్కుంటే ఇయ్యవే,” అంటుంది. ఇంటావిడ మారు ఆలోచన లేకుండా రొండిలోంచి తీసి ఇస్తుంది. ఇచ్చేశాక పైడిని చూసి నాలిక కరుచుకుంటుంది. నూకరత్నం ఆ చుట్టముక్కని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తిరిగి ఇచ్చేస్తుంది. “రోజుకెన్ని తాగతన్నావు? నోరు తెరు, సూడనీ.” అంగిళ్ళలో తెల్లమచ్చలు పదకొండు ఇళ్ళలో కనబడ్డాయి. ఆ పదకొండు మందినీ ఆస్పత్రికి చేర్చారు.

ఎవరూ పైడిని తిట్టలేదు. అదే ఆమెకి గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. “నీ పరువు పోకూడదని నేదన్నాం తల్లీ,” అని ఒకావిడ సంజాయిషీ కూడా చెప్పుకుంది. బిళ్ళలు తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్కొక్కరూ ఆగేవారు. ఒకావిడ ఇంట్లోకి వెళ్ళి పెళ్ళినాటి ఫొటో గోడ మీంచి దించి చూసుకుని, అప్పుడు తెచ్చి ఇచ్చింది. పైడి వాటిని అందుకోవడానికి చెయ్యి చాపాలంటే జంకేది.

సాయంత్రాలు ఇల్లు చేరితే డాబా మీద పొగ లేదు, అమ్మ చీరకి వాసన లేదు. వాషింగ్ పౌడరు వాసన వస్తోంది. ఏ వాసన అంటకూడదని ఒకప్పుడు రోజుకి రెండు స్నానాలు చేసిందో, ఆ వాసన కోసం పైడి అమ్మ పాత దుప్పటి మడతల్లో మొహం పెట్టి వెతుక్కుంది. తన పిచ్చికి తనే సిగ్గుపడింది.

నలభై రోజులూ నిండాయి. నలభై నాలుగో రోజు బస్సులో పక్కన కూర్చున్న తల్లి, “నీ జాకెట్టు బుజం కాడ కుట్టు ఊడిపోనాదే,” అంది.

పైడి భుజం తడుముకుంది. నిజమే, రెండు కుట్లు. అంత సన్నటి దారం పోగు ఈ పాటికి అమ్మకి కనిపించకూడదు. బిళ్ళ ప్రభావం దిగాక మచ్చ కోస్తామన్నారని ఆస్పత్రికి రమ్మంటే తల్లి ఆ వారంలో రెండుసార్లు ఏదో వంక పెట్టి తప్పించుకున్న సంగతీ గుర్తొచ్చింది. అడగాల్సిన మాట నాలిక చివరికి వచ్చింది. శాస్త్రవేత్తగా అడిగి తీరాలి, కూతురిగా అంతకన్నా ముందు అడగాలి. కానీ అమ్మ అప్పుడు తన వైపే చూస్తోంది. గోడ వైపు కాదు, చెవి పక్కకి కాదు, తన కళ్ళలోకి. ఇంకొక్క రోజు, అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది. తెలిసి తెలిసి ఐదు రోజులు నోరు మూసుకుంది. అంతకు ముందు చెప్పిన అబద్ధం కన్నా ఈ మౌనం పెద్ద తప్పని తెలిసీ, ఆ చూపు కోసం ఆమె అడుక్కునేదానిలా అయిపోయింది.

చివరి ఇల్లు తవిటమ్మది. పాలెం చివర, వలలు ఆరబెట్టే చోటు పక్కన. తవిటమ్మ నూకరత్నం కన్నా నాలుగైదేళ్ళు చిన్నది, కూతురు పోయాక మనవరాలిని తనే పెంచుతోంది. ఆ పిల్లకి ఆరేళ్ళు, పుట్టు చెవుడు, మాట రాదు. మాటలన్నీ చేతులతోనే. పైడి వాళ్ళు వెళ్ళేసరికి పిల్ల వేళ్ళు తిప్పుతూ ఏదో చెబుతోంది, తవిటమ్మ వల బాగు చేస్తూ నవ్వుతోంది.

చుట్టముక్క అడగాల్సిన పనే పడలేదు. “అంతా తెలుసప్పా. సుట్ట మానీసినాను,” అంది తవిటమ్మ. “బిళ్ళలు మాత్రం నాను ఇవ్వను.”

“నోరు తెరవే,” అంది నూకరత్నం.

తవిటమ్మ నోరు తెరిచింది. పైడి టార్చి వేసింది. బఠాణీ గింజంత ఉంది మచ్చ. పైడి మొహం చూసి తవిటమ్మకి చెప్పనక్కర్లేకపోయింది.

“ఉండనీ తల్లీ. సచ్చిపోతే పోతాను. ఈ గుంట మాటలు నాను సూడాల గదా. నాకు కళ్ళు పోతే ఇది ఆకలేస్తందని ఎవుళితో సెప్పుకుంటాది?” అని నూకరత్నం వైపు తిరిగింది. “నీకేటప్పా, నీ కూతురు నోటితో మాటాడతాది. సీకట్లో కూకున్నా నీకు ఇనపడతాది. ఇంతకీ నువ్వు మానీసినావా? ఈ గుంట మీద సెయ్యేసి ఒట్టెయ్యి.”

నూకరత్నం చెయ్యి కదల్లేదు. బొడ్డుసంచి విప్పి, మడిచిన బిళ్ళల పట్టీ ఒకటి తీసి చాప మీద పెట్టింది. అందులో ఇంకా నాలుగు ఉన్నాయి.

“మాన్నేదు. ఇయ్యాల మానీస్తన్నాను.”

“అమ్మా,” అంది పైడి.

“నీకు తెలుసు గదే అయిదు రోజులై. నాకు అవుపడతాది గదా, నీ మొకం.” నూకరత్నం కూతురి వైపు తిరగకుండానే చెప్పింది. “సుట్ట మానడం ఏటుందే. ఇది మానడమే నా వల్ల కానేదు. ఆరేళ్ళు నిన్ను సూడనేదు. మరి కొన్నాళ్ళు సూసుకుందారని దాసినాను. నువ్వూ సూడనీ అని ఊరుకున్నావు. ఇద్దరం కలిసి నన్ను సంపీసుకుంటన్నాం.”

పైడి తల వంచుకుంది. ఆ మాటలో తిట్టు లేదు, అందుకే తట్టుకోలేకపోయింది.

నూకరత్నం పిల్లని దగ్గరికి పిలిచి, ఆ చిన్న చేతుల్ని తీసి తవిటమ్మ అరచేతుల్లో పెట్టి మూసింది. “నువ్వు కళ్ళు మూసుకోవే తవిటీ. గుంటా, ఆకలని సెప్పు.” పిల్లకి వినపడదు కదా, నూకరత్నమే పొట్ట మీద చెయ్యి తిప్పి చూపించింది. పిల్ల అర్థం చేసుకుని అవ్వ గుప్పిట్లోనే వేళ్ళు కదిపింది. తవిటమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, నుదురు ముడిచి, ఏమీ తెలియలేదని తల ఊపింది. మళ్ళీ కదిపింది పిల్ల. మళ్ళీ. నాలుగోసారికి తవిటమ్మ నుదుటి ముడి విడింది. “ఆకలంట,” అంది.

“నలబై రోజులుంటాది నీకు సూపు. బేగి అన్నీ నేర్చుకో. కళ్ళుండగానే సీకటి నేర్చుకో,” అంది నూకరత్నం.

తవిటమ్మ ఇంట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చి పట్టీలు పైడి ఒళ్ళో పడేసి, “పొండి ఇంక,” అని కసిరి, పిల్లని ఎత్తుకుని వలల వెనక్కి వెళ్ళిపోయింది. రేపు ఆస్పత్రికి బండి పంపుతానని పైడి వెనక నుంచి చెబితే ఊఁ అని మాత్రం వినపడింది.

బస్సు కోసం ఇద్దరూ ఒడ్డు వెంట నడిచారు. ఇంకా ఎండ ఉంది. పైడి అమ్మ పట్టీ తన పిడికిట్లో పట్టుకుని ఉంది. రేపు అమ్మని కూడా ఆ బండిలోనే తీసుకెళ్ళాలి, జరిగినదంతా డాక్టరుకి చెప్పాలి, పోయిన రోజులు ఎంత చేటు చేశాయో ఆయన నోట వినాలి. ఇకనుంచి నలభై రోజులు. ఆ తరవాత గడ్డం తడిమి, “వొచ్చీసినావా,” అనే అమ్మ. అయినా ఉంటే చాలు, ఉండాలి, అని ఎవర్ని అడగాలో తెలియక సముద్రం వైపు మొహం తిప్పుకుని అడుక్కుంది.

పక్కన నూకరత్నం తాడు తగిలి తూలింది. తమాయించుకుని రెండడుగులు వేసి, లాగి పెట్టిన తెప్ప కొసకి కాలు తగిలించుకుంది. పైడి గబుక్కున జబ్బ పట్టుకుంది. చూస్తే, ఆవిడ నేల వైపు అసలు చూడటమే లేదు. బయల్దేరినప్పటి నుంచీ పక్కకి తిరిగి కూతుర్నే చూస్తూ నడుస్తోంది.

“దారి సూడమ్మా, పడిపోతావు,” అంది పైడి. అమ్మ యాస తనకి తెలియకుండానే నోట్లోకి వచ్చింది.

“దారిదేటుందే, తరవాత తడుముకుంటాను,” అంది నూకరత్నం. “ఏడవకు. ఇటు తిరుగు.”